ఎడమ చేతి పిల్లలు

"మూడుసార్లు వెచ్చబెట్టిన ఈ కూర. ఇగ నాతోని కాదు. నువ్వే పో, నువ్వే పిలువు."

మాణిక్యమ్మ గరిటెను పళ్లెంలో పడేసింది. ఆ చప్పుడు తమ్ముడికి తగలాలనే పడేసింది.

కృపాకర్ కుర్చీలోంచి కదల్లేదు. మేడ మీద గది తలుపు మధ్యాహ్నం నుంచి మూసే ఉంది. లోపల పెట్టె జరుపుతున్న చప్పుడు తప్ప ఇంకో అలికిడి లేదు. తబిత సామాను సర్దుకుంటోంది.

"ఆకలైతే ఆమెనే దిగొస్తది," అన్నాడు.

"దిగొస్తదా? ఆమె నీ లెక్క అలిగే మనిషా? నువ్వు అలిగితే వాడకట్టంత తెలుస్తది. ఆ పిల్ల అలగలేదురా. లోపల లోపల కాలుతున్నది."

"నన్నేం చేయమంటవక్కా?"

"బడిల ఏమైందో చెప్పు ముందుగాల. ఆమె చెప్పది. నువ్వు చెప్పవు. జూల ముప్పై ఏండ్లు కోతులకు పండ్లేసిన. గవే నయం. ఏదన్న అయితే లొల్లి చేసి చెప్తయి."

"ఫైనల్ లెసన్ పోయింది. గంతే."

"పోయిందంటే?"

"పాస్ చెయ్యలే. మార్కులేయనొచ్చిన ఎక్స్‌టర్నల్ మధ్యల్నే లేచి పోయిండు."

మాణిక్యమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతుల్నే మళ్లీ తుడిచింది.

"మరి నువ్వు నేర్పింది ఏందిరా ఇన్ని నెలలు?"

కృపాకర్ మేడ మెట్ల వైపు చూశాడు.

తబిత బర్మాలో పుట్టిన తెలుగు పిల్ల. ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి మౌల్మీన్ వెళ్లి అక్కడే మట్టయ్యాడు. ఆ ఊరి తెలుగు చర్చిలో బైబిలు చదివి, నాయనమ్మ ఒళ్లో పాటలు విని నేర్చుకున్న తెలుగు ఆమెది. అక్కడ ఇప్పుడు ఆమె ఈడు వాళ్లెవరూ సొంత ఇంట్లో కంటి నిండా పడుకోవడం లేదు. ఎవరు ఎప్పుడు తలుపు తట్టి పటాలంలోకి లాక్కుపోతారో తెలియదు. తెలుగు టీచరు చదువు చదువుతానని హైదరాబాదు వచ్చింది. పాసైతే బహదూర్‌పురాలోని ఆమె ట్రైనీగా పాఠాలు చెబుతున్న బడిలోనే ఉద్యోగం ఇస్తామన్నారు. ఫెయిలైతే వీసా పోతుంది. వీసా పోతే మౌల్మీనే.

ఆమెకు బడి పద్ధతి నేర్పే గైడు టీచరు కృపాకరే. తమ చర్చి పాస్టరు అడిగితే మేడ మీద గది ఇచ్చిందీ ఆయనే. మొదటి రోజు ఆ పిల్ల ఏడో తరగతిలోకి వెళ్లి "పిల్లలారా, కూర్చుండుడి" అంటే, పీరియడంతా పిల్లలు బెంచీల మీద పడి నవ్వారు. ఆ నవ్వులోంచి ఆమెను బయటికి లాక్కొచ్చిందీ ఆయనే. హాజరు ఎట్లా పిలవాలో, బోర్డు వైపు ఎంతసేపు తిరగాలో, కంప్లైంటుకొచ్చిన తల్లిని వరండాలో కూర్చోబెట్టాలో గదిలో కూర్చోబెట్టాలో, అన్నీ ఒక్కటొక్కటిగా చెప్పాడు. చెప్పనిది ఒక్కటే.

"పోతవా, నన్ను పొమ్మంటవా?" అంది మాణిక్యమ్మ. "నా మోకాళ్లు ఆ మెట్లకు పనికి రావు."

కృపాకర్ లేచాడు.

తలుపు కొట్టక ముందే తెరుచుకుంది. తబిత ఎప్పటిలాగే చేతులు కట్టుకుని నిలబడింది. వాళ్ల దేశంలో గురువు ముందు అట్లాగే నిలబడతారట. మంచం మీద పెట్టె తెరిచి ఉంది. నాలుగు చీరలు, ఒక దుప్పటి. ఇన్నాళ్లున్నా ఆ గదిలో ఆమెవి అంతకంటే ఏమీ చేరలేదు.

"అన్నం తిను బిడ్డా. అక్క కోపం చేస్తున్నది."

"మాస్టారూ, నేను పిల్లలను అవమానపరచినాను."

ఆ మాట వస్తుందని ఆయన అనుకోలేదు.

"నువ్వేం చేసినవ్?"

"మా దేశమందు టీచరు ఒక మాట చెప్పును. తరగతి అంతా ఒక్క గొంతుతో తిరిగి చెప్పును. ఒక్కొక్కరిని లేపి అడుగుట లేదు. నేను చదువుకున్నన్నాళ్లూ ఒంటరిగా లేచి ఒక్క మాట చెప్పి ఎరుగను. ఇక్కడ ఆలాగు కాదు, ఒక్కొక్కరినీ అడగాలి అని మీరు నేర్పినారు. నేర్చుకున్నాను."

"అవును."

"వెనక బెంచీ వాళ్లను బడి విడిచినాక మెట్ల మీద కూర్చోబెట్టుకొని చదివించినాను. వాళ్లు ఎన్నడూ చెయ్యి ఎత్తలేదు. ఇవాళ అందరూ ఎత్తినారు మాస్టారూ! నాకు కండ్లు నిండినాయి. ఎక్స్‌టర్నల్ గారు ఉన్నారన్నది కూడా మరిచినాను. స్రవంతిని లేపినాను. మాట్లాడలేదు. ఇమ్రాన్‌ను లేపినాను. తల వంచుకొన్నాడు. ఇంకొకరిని, ఇంకొకరిని..."

ఆమె కట్టుకున్న చేతులు విప్పింది.

"వాళ్లకు రాదు మాస్టారూ. నా పరువు నిలబెట్టవలెనని చేతులెత్తినారు. నా మీది ప్రేమ చేత ఎత్తినారు. నేను వాళ్లను పదిమంది ముందు దోషుల వలె నిలబెట్టినాను. పాఠం పోయినందుకు ఏడ్చుట లేదు."

మెట్ల కింది నుంచి మాణిక్యమ్మ గొంతు వచ్చింది. "చూసినవారా, పోరగాండ్లకు ఎంత పాయిరమో పంతులమ్మంటే! పెద్దోళ్లకు లేదు గంత."

కృపాకర్ కిటికీ వైపు తిరిగాడు. దగ్గర్లోని జూలో సింహం గర్జించింది. ఆ వాడలో దానికి ఎవరూ తల తిప్పరు. ఆయన మాత్రం అటే చూస్తూ నిలబడ్డాడు.

చెప్పవలసిన మాట అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

పాఠానికి ముందు రోజు సాయంత్రం తబిత స్టాఫ్ రూములో చార్టుకు రంగులేస్తుంటే, ఆయన ఏడో తరగతిలోకి వెళ్లి తలుపు వేశాడు. "రేపు మేడం ఏది అడిగినా అందరు చేతులెత్తాలె. వచ్చినోళ్లు కుడి చెయ్యి, రానోళ్లు ఎడమ చెయ్యి," అన్నాడు. ఇన్‌స్పెక్షన్ ఉన్న ప్రతి బడిలోనూ ఉన్న పాత విద్యే ఇది. చూసేవాడికి తరగతి నిండా చేతులు కనిపిస్తాయి. టీచరు కుడి చెయ్యి ఎత్తిన వాళ్లనే లేపుతుంది. అందరూ బతికిపోతారు.

తబితకు చెబితే ఒప్పుకోదు. పాఠం ముందే ఒకసారి చెప్పి చూపించమంటేనే అది మోసం అన్న పిల్ల. అందుకని చెప్పలేదు. చెప్పకపోయినా ఏమీ కాదనుకున్నాడు. భయపడ్డ టీచరు ముందు బెంచీనే లేపుతుంది. ముప్పై ఏళ్లుగా ఆయన చూసిన లెక్క అది.

ఆ పిల్ల భయపడలేదు. సంతోషపడింది. లెక్క అక్కడ తప్పింది.

"అన్నం తిను," అని దిగి వచ్చాడు.

*

మర్నాడు మొదటి పీరియడే ఏడో తరగతి. తబిత రాలేదు. కృపాకర్ హాజరు తీసుకోకుండానే పుస్తకం తెరిచాడు. చీమల పాఠం. నిన్న ఆమె చెప్పిన పాఠమే.

ఆయనకు కావలసింది ఒక్కటే. వెనక బెంచీకి ఏమీ రాదని తేలాలి. తేలితే, తాను చేతుల సంగతి చెప్పకపోయినా నిన్నటి పాఠం పోయేదేనని మనసుకు చెప్పుకోవచ్చు.

"స్రవంతి, లే. చీమలు వరుస తప్పకుంట ఎట్ల పోతయి?"

రెండు జడల పిల్ల లేచింది. గుడిమల్కాపూర్ మార్కెట్‌లో పూలు కొని తెచ్చి అమ్మే వైకుంఠం కూతురు. తెలుగు ఇంట్లో మాట్లాడుతుంది గానీ, పుస్తకం తెరిస్తే అక్షరం అక్షరానికి ఆగిపోతుందని ఆయన ఎప్పుడో తేల్చేశాడు.

"ముందు పోయిన చీమ దారిలో వాసన వదులును సార్. వెనక చీమ ఆ వాసన పట్టుకొని నడుచును. మధ్యన మనం వేలితో తుడిచితే కొంచెంసేపు తిరుగులాడి, మళ్లా దారి కనుగొనును."

వదులును, నడుచును, కనుగొనును. అది ఆ పిల్ల మాట కాదు. తబిత మాట. మొదటి రోజు ఆ మాటలకే పడి నవ్విన తరగతి ఇవాళ నవ్వలేదు.

కృపాకర్ చేతిలో పుస్తకం మూతపడింది.

"నిన్న నోట్లె ఏం పెట్టుకున్నవ్?"

స్రవంతి పక్క పిల్ల వైపు చూసింది.

"అడుగుతున్న గదా. నిన్నెందుకు చెప్పలే?"

"మీరే వద్దన్నరు గద సార్."

"నేనెప్పుడన్న?"

"మొన్న మీరు చెప్పంగనే నేను కుడి చెయ్యి ఎత్తిన సార్. 'నీకేమొస్తదే, దించు, ఎడమ చెయ్యి ఎత్తు' అన్నరు. ఇమ్రాన్‌ను గూడ అన్నరు. వెనక బెంచంత ఎడమ చెయ్యే అన్నరు. ఎడమ చెయ్యోళ్లు లేపినా నోరు తెరువద్దన్నరు."

"మేడం లేపింది గదా. అప్పుడన్న చెప్పకపోయినవా?"

"చెప్దామనుకున్న సార్." పిల్ల గొంతు తగ్గింది. "మీరు వెనక కూసున్నరు."

ఆయన ఇమ్రాన్‌ను లేపాడు. వాడికీ వచ్చు. వాడి పక్కవాడిని లేపాడు. తడుముకున్నాడు, అయినా చెప్పాడు. నాలుగో పిల్లను లేపే ధైర్యం ఆయనకు లేకపోయింది.

*

"రా, రా, కృపాకర్ సాబ్. చాయ్ తాగు."

బడి కరస్పాండెంట్ జగదీశ్వర్ బల్ల మీద రెండు కప్పులున్నాయి. ఆయన మనిషిని పిలిచి చాయ్ ఇచ్చాడంటే ఏదో అడగబోతున్నట్టే.

"ఎక్స్‌టర్నల్ పోయేటప్పుడు ఏమన్నడో ఎరుకేనా? 'పోరగాండ్లకు ట్రైనింగ్ మస్తు ఇచ్చిన్రు, పంతులమ్మకే ఇయ్యలే' అన్నడు. ఆయన గూడ మన లెక్క బడి పంతులే గద ఒకప్పుడు. ఏ చెయ్యి ఎందుకు లేస్తదో తెల్వదా?"

కృపాకర్ కప్పు ముట్టుకోలేదు.

"ట్రైనింగ్ కాలేజోళ్లు అడుగుతున్రు, ఇది ట్రైనీ చేసిందా, గైడు చేసిండా అని. ట్రైనీ అని చెప్పేస్తున్న. మాట ఖతం."

"ఆమెకు ఆ సంగతే తెల్వదు."

"తెల్వకుంటే ఇంక మంచిది. తెలిసినోళ్ల మీదేస్తే వాళ్లు ఎదురు మాట్లాడ్తరు."

"జగదీశ్వర్ సాబ్..."

"విను భాయ్. ఆమె యాడనో పుట్టింది, యాడికో పోతది. నువ్వు మనోనివి. రిటైరైనంక గూడ సంవత్సరానికోపాలి కొనసాగిస్తున్న నిన్ను. ఎందుకు? తెలుగుకు నీ అసొంటి స్ట్రిక్టు మనిషి దొరకడని. నీ మీదికెందుకు తెచ్చుకుంటవ్?"

"నేను చేసిన. చెప్పు వాళ్లకు."

"పిస లేసిందా?"

"నేనే చేసిన. ఆమెకు చెప్పలే. ఫోన్ చెయ్యి."

జగదీశ్వర్ ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి చాయ్ మీద మీగడ కట్టింది.

"నీ ముచ్చట తీరింది. రేపు పొద్దున మళ్ల లెసన్. గదే తరగతి, గదే ఎక్స్‌టర్నల్. ఇదే ఆఖరు సారి అన్నడు. ఒక షరతు పెట్టిండు, గైడు బడి ఆవరణల ఉండొద్దు." చాయ్ కప్పు పక్కకు జరిపాడు. "రేపే గాదు. నేను పిలిచేదాక ఈ గేటు తొక్కకు కృపాకర్ సాబ్."

గేటు దాటుతుంటే కృపాకర్‌కు గుండె తేలికైనట్టనిపించింది. చెల్లించవలసింది చెల్లించేశాననుకున్నాడు. తప్పు ఒప్పుకున్న మనిషి మొట్టమొదట చేసే తప్పు అదే.

*

ఇంట్లో తబిత మాణిక్యమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పెట్టె మెట్ల దగ్గరికి దిగి వచ్చింది.

కృపాకర్ కూర్చోకుండానే అంతా చెప్పాడు. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, తలుపు వేసి చెప్పడం, వెనక బెంచీని వేలితో చూపించడం.

"స్రవంతికి వచ్చునా?" అంది తబిత.

"వచ్చు."

"ఇమ్రాన్‌కు?"

"వచ్చు."

"అందరికీనా?"

"నేనడిగినోళ్లందరికి."

ఆమె చేతిలోని కాయను చాటలో పెట్టింది.

"రాకపోయినా బాగుండును మాస్టారూ."

"అదేం మాటనే పిల్లా?" అంది మాణిక్యమ్మ.

"రాకపోతే నా పాఠమే పోవును మామ్మగారూ. వచ్చి కూడా చెప్పలేదంటే వాళ్ల నోరే పోయినది."

మాణిక్యమ్మ తమ్ముడి వైపు తిరిగింది. తిట్టలేదు. చూసింది, అంతే. కృపాకర్‌కు తిట్టినా బాగుండుననిపించింది. భార్య పోయిన ఇంట్లో ఆయనను తిట్టే మనిషి అక్క ఒక్కతే.

"రేపు మళ్ల ఛాన్సిచ్చిన్రు," అన్నాడు. "గదే తరగతి. నువ్వు మంచిగ చెప్తే చాలు."

"ఎవరికి చెప్పుదును? నేను లేపితే వాళ్లు నోరు తెరవరు."

"మేడం చెప్పమంటే చెప్తరు."

"నిన్న చెప్పమనలేదా?" తబిత గొంతు మొదటిసారి పైకి లేచింది. "మెట్ల మీద నాతో గలగల మాట్లాడే పిల్లలు. మీరు వద్దన్నారని నా ఎదుట మూగవాళ్లయినారు. ఆ కట్టు మీరు వేసినారు. నా మాటకు ఊడదు. మీరే విప్పవలెను."

"నన్ను గేటు తొక్కద్దన్నరు."

"వాళ్ల ఇళ్ల గడపలు తొక్కవద్దన్నారా?"

కృపాకర్ కుర్చీలో కూలబడ్డాడు. ముప్పై ఏళ్ల పంతులు పనిలో ఆయన ఒక్క పిల్లవాడి ఇంటికీ పోలేదు. తల్లిదండ్రులే వచ్చేవాళ్లు. వచ్చి వరండాలో నిలబడేవాళ్లు.

"ఏం కూసున్నవ్?" అంది మాణిక్యమ్మ. "చెప్పులేస్కో."

*

స్రవంతి తండ్రి వైకుంఠం ఇల్లు రెండు సందుల అవతల. తబిత కూడా వెంట వచ్చింది. ఒకటే గది. గడప దాటగానే బంతిపూల కుప్ప, దాని చుట్టూ దండలు గుచ్చుతున్న తల్లీ కూతుళ్లు. స్రవంతి సార్‌ను చూసి లేవబోయి, ఒడిలో పూలుండటంతో సగంలో ఆగిపోయింది.

"సార్! మా ఇంటికొచ్చిన్రా!" వైకుంఠం ఒక్క ఉదుటున లేచి పక్కింట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ పట్టుకొచ్చాడు. భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. "కూసోండ్రి సార్. మేడం, మీరు గూడ రాండ్రి. ఏయ్, నీళ్లియ్యి సార్‌కు."

తబిత చెప్పులు విడిచి లోపలికి వెళ్లి స్రవంతి పక్కన నేల మీద కూర్చుంది. కృపాకర్ గడప బయటే నిలబడ్డాడు.

"స్రవంతి గురించి మాట్లాడాలని వచ్చిన," అన్నాడు.

"తెలుసు సార్." వైకుంఠం చేతులు జోడించాడు. "మీకెందుకు తకలీఫ్? నేనే రేపు బడికొచ్చి చెప్దామనుకున్న. దాని పేరు తీసేయుండ్రి సార్."

"ఏంది?"

"మొన్న సాయంత్రం ఇంటికొచ్చి ఒకటే ఏడుసుడు. 'సార్ నన్ను రానోళ్లల్ల ఏసిండు నాయినా' అని. అప్పుడే అనుకున్నం, నేను మా ఆమె. ఇయ్యాల ఒక్కరోజు పోయిరా, దోస్తులకు చెప్పిరా అని పంపిన. రేపటి సంది వాళ్లమ్మతోని మార్కెట్‌కు పోతది. చెయ్యి మంచిగ ఆడ్తది దానికి."

"అట్ల కాదు వైకుంఠం. నేను తప్పు చెప్పిన. పాపకు వస్తది."

వైకుంఠం నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు. పెద్దమనిషి మర్యాదకు ఏదో అంటే నవ్వే నవ్వు.

"మీరు మర్చిపోయినట్టున్నరు. నేను మీ దగ్గర్నే చదివిన సార్, ఏడో తరగతి దాక. వెనక బెంచి. నాకు గూడ గట్లనే చెప్పిన్రు, 'నీకు రాదురా, పోయి ఏదన్న పని చూస్కో' అని. పోయిన. చూస్కున్న. మీ మాట తప్పు పోలే సార్. బతుకుతున్నం గద."

కృపాకర్ ఆ మొహంలో ఒక పన్నెండేళ్ల పిల్లవాడిని వెతికాడు. దొరకలేదు. ఎందరినో అట్లా అన్నాడు. ఒక్క మొహమూ మిగల్లేదు.

"ఇప్పుడు చెప్తున్న విను. తప్పు నాది. నీ విషయంల గూడ నాదేనేమో. పాపను రేపు బడికి తోలు. దానికి మస్తుగ వస్తది."

"సార్, సార్..." వైకుంఠం కంగారుగా కూతురి వైపు చూసి గొంతు తగ్గించాడు. "పిల్ల ముందు గట్లనకుండ్రి. దానికి ఆశ పుట్టియ్యొద్దు సార్. మల్ల రాలేదనుకో, ఈసారి తట్టుకోది."

ఇంటామె తెచ్చిన నీళ్ల గ్లాసు కృపాకర్ చేతిలో ఉండిపోయింది.

లోపల తబిత స్రవంతి మోకాలి మీద చెయ్యి వేసింది.

"స్రవంతీ, మీ నాయన వినవలెను. చీమలు వరుస తప్పకుండా ఎట్లు నడుచును, చెప్పమ్మా."

స్రవంతి తల ఎత్తింది. తండ్రి వైపు చూసింది. గడప బయట నిలబడ్డ సార్ వైపు చూసింది.

"చెప్పు బిడ్డా," అన్నాడు కృపాకర్. "నేనే అంటున్న. చెప్పు."

ఆ పిల్ల దారం పళ్లతో కొరికి ముడి వేసింది. ఎడమ చెయ్యి చాచి ఇంకో పువ్వు తీసుకుంది.